ముగ్గురు సోంబర్లు

సోమవారం పుట్టినవాడు సోంబరు, శుక్రవారం పుట్టినవాడు సుక్రు. అరకు కొండల ఊళ్లలో పేర్లు ఇలాగే పెడతారు. ఆ కొండల్లోనే పుట్టిన నిర్మలకి ఇది తెలియని సంగతేం కాదు. కానీ అయిదో ఏటి నుంచి సిస్టర్ల హాస్టల్లో పెరిగి, విశాఖలో కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల. తెలిసింది గుర్తుండొద్దూ!

2008లో ఆమె ఒక మిషన్ సంస్థలో ఆపరేటరుగా చేరింది. అడవి కొట్టి సాగు చేసుకుంటున్న పోడు భూమికి పట్టా కోసం గిరిజనులు పెట్టుకున్న దరఖాస్తుల్ని జాబితాగా టైపు చెయ్యాలి. జాబితాలో పేరుంటేనే పట్టా. పేరు లేనివాడికి, తాత కొట్టిన పోడు కూడా వాడిది కాదు.

ఒకే ఊరి నుంచి, కిల్లో అనే ఇంటిపేరుతో, ‘కిల్లో సోంబరు, తండ్రి సుక్రు, రెండెకరాలు’ అని మూడుసార్లు వచ్చింది. డబుల్ ఎంట్రీలు తీసెయ్యమని మేనేజరు సర్వేశ్వరరావు ముందే చెప్పాడు. నిర్మల ఒకటి ఉంచి రెండు తీసేసింది. పని శుభ్రంగా చేశానని మురిసిపోయింది కూడా! శనివారం జాబితా విశాఖ కలెక్టరాఫీసుకి వెళ్లిపోయింది.

మంగళవారం కంప్యూటర్ మొరాయించింది. లోపల నడిచే పనులన్నీ చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు అయిదుసార్లు కనిపించింది. ఒకటి చాలదా అనుకుని, మిగతావి ఒక్కొక్కటే ఆపడం మొదలెట్టింది. వద్దని హెచ్చరిక వచ్చినా వింటేనా! ఇంకో నిమిషంలో ఆగిపోతానంటూ తెర మీద అరవై నుంచి అంకెలు దిగసాగాయి. సున్నా దగ్గర కంప్యూటర్ ఆగిపోయింది.

భయపడి, విశాఖలో తనకు కంప్యూటర్ నేర్పిన క్యాథరిన్‌కు ఫోన్ చేసింది.

“ఏటి సేసేవే గుంటా! అవి సిస్టమ్ సొంత పనోళ్లే. పేరొకటే, ఎవరి పని ఆళ్లది. ఒకటి నెట్‌వర్క్ సూత్తాది, ఒకటి సౌండ్ సూత్తాది, ఇంకోటి ఒకళ్ల మాట ఇంకొకళ్లకి అందిత్తాది. పేరు సూసి డబుల్ అనుకుంటే ఎలాగే? లోపల ఏం పని జరుగుతందో సూడాల.”

నిర్మలకి తాను తీసేసిన సోంబర్లు గుర్తొచ్చారు. బీరువాలోంచి ఆ మూడు దరఖాస్తులూ తీసింది. మూడు వేలిముద్రలు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, ఒకదానికి నడుమ కత్తిగాటు. అయ్యో, ఎంత పని చేశాను!

“పోయిన జాబితాని కెలక్కమ్మా,” అన్నాడు సంగతి విన్న సర్వేశ్వరరావు.

“నిద్ర పట్టదు సార్. ముగ్గుర్నీ వేరుగా చూపించడానికి తల్లుల పేర్లు తెత్తాను, మళ్లీ రాద్దాం.”

“తే. కలెక్టరాఫీసులో ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను.”

మర్నాడు ఆమె కొండెక్కింది. ముగ్గురు సోంబర్లూ ఒకే అరుగు మీద కూర్చున్నారు. వేర్వేరు సుక్రులకు పుట్టిన వరస అన్నదమ్ములు. నిర్మల నిలబడే చెప్పింది. ఎవరో చేశారని అనలేదు, తప్పు నాదేనంది.

వాళ్లు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు అడిగాడు.

“మాలో నువ్వుంచినోడు ఎవుడమ్మా?”

జాబితాలో మిగిలిన సోంబరు ఈ ముగ్గురిలో ఎవరో నిర్మలకే తెలియదు.