ఆఖరి ప్రశ్న కింద నీలం చుక్క

ఆ వార్త మొదట నాకు తెచ్చింది బడిలో పనిచేసే ఆయా. మామూలుగా ఆమె వీధి మలుపులోంచే కేకేసుకుంటూ వచ్చే మనిషి. ఆ పొద్దున మాత్రం చప్పుడు లేకుండా వచ్చి, మా గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను స్టవ్ మీద పాలు పెట్టి, ప్రార్థన మనసులోనే ముగించుకుంటున్నాను.

"ఏందక్కా, ఇంత పొద్దున్నే?" అన్నాను.

"పాలు దించి రా చెల్లె. చెప్త."

దించి వచ్చాను.

"టీచరమ్మ పోయింది చెల్లె. క్యాంపస్‌ల నడవనీకి పోయి బెంచీ మీద కూసున్నదంట. గట్లనే కూసున్నది, మళ్ల లేవలె."

తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. పాలు దించమని ముందు చెప్పిన మాట మాత్రం గుర్తుంది. అంత దుఃఖం మోసుకొస్తూ కూడా నా పాలు పొంగిపోతాయేమోనని ఆలోచించింది ఆమె. అందుకు ఆమెకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

నాకు టీచరమ్మ ఏమవుతుందో చెప్పాలి. మా నాన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో తోటమాలి. హాస్టళ్ల వెనక క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. బడికి పంపిస్తే సుద్దముక్క పొడికే ఆయాసం వచ్చి ఇంటికి తిరిగొచ్చేదాన్ని. చివరికి మా అమ్మ, "బతికుంటే చాలు తల్లీ" అని ఇంట్లోనే కూర్చోబెట్టి బైబిల్ ముందు పెట్టి తెలుగు చదవడం నేర్పింది. అంతకు మించి ఆమెకు రాదు.

అప్పుడు టీచరమ్మ లేడీస్ హాస్టల్లో ఉండి ఇంగ్లిష్ ఎమ్మే చదువుతోంది. కరివేపాకు అడగడానికి మా క్వార్టర్‌కు వచ్చింది. గదిలో దొంగతనంగా ఉప్మా వండుకునేవాళ్లట. మిర్చిబజ్జీ పొట్లం విప్పి, ఆ ఇంగ్లిష్ పేపర్ ముక్కలో ఒక్కో అక్షరం వేలితో కలుపుకుంటున్నాను నేను. నా పక్కన చతికిలబడి, "ఏం రాసిండ్రు గండ్ల?" అని అడిగింది. తెలియదన్నాను. "నాకు గుడ తెల్వదు, నూనె అంటింది. రేపు నూనె అంటంది తెస్త" అన్నది. తెచ్చింది. ఆ తర్వాత సాయంత్రాలు వస్తూనే ఉంది, కరివేపాకు అవసరం లేని రోజుల్లో కూడా. నేను ఇంట్లోనే చదువుకున్నానని జనం అంటారు. అంటే నా దగ్గరికి ఆమె నడిచి వచ్చిందని అర్థం.

తర్వాత ఆమె లాలాపేట్ వైపు ఒక చిన్న బడిలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరింది. తార్నాకలో ఒక మేడ మీద పోర్షన్‌లో ఒక్కతే ఉండేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఈ పేపర్లు దిద్దుడు అయిపోనీయున్రి, చూస్త" అనేది. మా నాన్న పోయాక మేమూ క్వార్టర్ ఖాళీ చేసి తార్నాకకే వచ్చాం. పరీక్షల కాలంలో ఆమె దిద్దుతుంటే నేను పక్కన కూర్చుని మార్కులు కూడేదాన్ని. పేపర్ల కట్టలు మోసుకొచ్చే ఆయా గుమ్మంలోనే కూలబడి, "దిద్దుతున్నరా, ముచ్చట్లు పెడుతున్నరా ఇద్దరు?" అనేది.

టీచరమ్మ దిద్దే పద్ధతి వేరు. అందరూ ఒక పేపర్ తీస్తే మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా దిద్ది పక్కన పెడతారు. ఆమె అలా కాదు. మొదటి ప్రశ్న అందరిదీ దిద్దేది. కట్ట మళ్లీ సర్దుకుని రెండో ప్రశ్న అందరిదీ. అలా ఆఖరిదాకా. పని రెట్టింపు కదా అని నేనంటే ఒప్పుకునేది కాదు.

"ఒక్కనిదే మొత్తం చదివితే వాడు నా ముంగట వచ్చి నిలబడ్తడు బిడ్డా. ముద్దొచ్చినోనికి ఒక మార్కు ఎక్కువ పడ్తది, కోపం తెప్పిచ్చినోనికి తక్కువ. గిట్లయితే ఎవడు ఎవడో నాకు తెల్వదు."

ఆఖరి ప్రశ్న ఎప్పుడూ పిల్లలు సొంతంగా రాయాల్సింది ఇచ్చేది. దాన్ని పెరుగన్నం అనేది. "పప్పు, చారు అన్ని అయినంక పెరుగన్నం. అప్పటిదాక ఓపిక పట్టాలె." ఆ ప్రశ్నకు వచ్చేసరికి కాళ్లు మంచం మీదికి ముడుచుకుని, మూతి మీద నవ్వు పెట్టుకుని కూర్చునేది.

ప్రతి జవాబు కింద, మార్కు వేయకముందే, ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టేది. అది ఆఖరి మాట దాకా చదివినట్టు గుర్తు. "మార్కు బడిది. చుక్క నాది" అనేది. పిల్లలకు ఆ సంగతి తెలుసు. పేపర్ చేతికి రాగానే ముందు చుక్క కోసం చూసుకునేవాళ్లు.

ఆ రోజే టీచరమ్మను వాళ్ల అన్న సొంతూరికి తీసుకుపోయాడు. మర్నాడు ఆయా, నేను కలిసి పోర్షన్‌కు వెళ్లి బడి సామాను వెతికాం. బల్ల మీద ఏడో తరగతి ఇంగ్లిష్ కట్ట ఉంది, పైన ఎర్ర పెన్ను, మూత తీసి. మొదటి పేపర్ తిప్పాను. అన్ని ప్రశ్నలకూ మార్కులు, చుక్కలు. ఆఖరి పేజీలో మాత్రం మార్కూ లేదు, చుక్కా లేదు. రెండోదీ అంతే. కట్టంతా అంతే. పెరుగన్నం ముట్టకుండానే లేచి వెళ్లిపోయింది ఆమె.

అక్కడ నేను ఏడ్చిన ఏడుపు గురించి రాయను. ఆయా పెన్నుకు మూత పెట్టి నా చేతికి ఇవ్వబోయింది. నేను తీసుకోలేకపోతే తన కొంగుకు ముడేసుకుంది.

కట్ట తీసుకుని బడికి వెళ్లాం. హెడ్ మేడం మంచి మనిషి. ఆమె కళ్లు కూడా వాచి ఉన్నాయి.

"శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉన్నదమ్మా. ఇంగ్లిష్‌కు ఇంకొక టీచర్ దొరకలేదు. ఆఖరి ప్రశ్నకు అందరికి ఒక్కటే మార్కు ఇచ్చేస్తం. సమానంగ ఇస్తే ఎవ్వరు అడగరు."

"నేను దిద్దుతాను మేడం. ఆమె పక్కన ఎన్నో ఏళ్లు కూర్చున్నాను."

"నాకు తెల్వదా? గని మీరు స్టాఫ్ కాదు. రేపు ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె?"

ఆమె తప్పేమీ లేదు. అయినా నేను అక్కడి నుంచి కదలలేదు. ఆ పిల్లలు పేపర్ చివరి పేజీ తిప్పుతారు. చుక్క కోసం చూస్తారు. ఉండదు. తాము రాసింది ఎవ్వరూ చదవలేదని తెలిసిపోతుంది. టీచరమ్మ వాళ్లకు చేసే ఆఖరి పని అలా మిగిలిపోవడం నేను భరించలేను.

"మార్కు మీరు అనుకున్నదే వేయండి మేడం. నేను ఊరికే చదువుతాను. చదివినట్టు కింద చుక్క పెడతాను. అంతే."

ఆమె నన్ను కాసేపు చూసింది. "చదువుకోనీకి ఎవరు వద్దంటరమ్మా?" అని కట్ట నా వైపు జరిపింది. "సాయంత్రానికి ఆయాతోని పంపియున్రి."

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో చాప పరుచుకుని కూర్చున్నాను. ఎర్ర పెన్ను ఆయా కొంగు ముడిలోనే ఉంది, నేను అడగలేదు. నా దగ్గరున్న నీలం పెన్నే తీసుకున్నాను. ప్రశ్న ఇది: నువ్వు రోజూ చూసే ఒక మనిషి గురించి రాయి.

"ఊకె చదువుకుంటవేంది, నాకు గుడ చెప్పు" అన్నది ఆయా గోడకు జారగిలబడి. పేర్లు చూడకుండా, ఒక్కొక్కటీ తెలుగులోకి మార్చి చెప్పాను. ఒక పిల్లవాడు కర్రీ పాయింట్ అంకుల్ గురించి రాశాడు: ఆయన సాంబారు అడిగితే ఇస్తాడు, అడగకపోతే ఇంకా ఎక్కువ ఇస్తాడు. ఒక పిల్ల వాళ్ల తాత గురించి: తాతకు ఇంగ్లిష్‌లో ఒక్క మాటే వచ్చు, అది 'నో', కానీ ఏది అడిగినా తెచ్చిస్తాడు. ఇంకొకరు ఆయా గురించే రాశారు: ఆమె అత్తగారిలా తిడుతుంది, వానలో తడిసి వస్తే మా సాక్సులు పిండి ఆరేస్తుంది.

"అత్త లెక్కనా? ఎవడు వాడు? పేరు చెప్పు."

"పేరు చూడొద్దు అక్కా. టీచరమ్మ పద్ధతి."

"ఆమె పద్ధతులు ఆమెతోనే పోలే గదా" అని నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది.  ఆ సాక్సుల మాట టీచరమ్మ చదివి ఉంటే ఎంత నవ్వేదో మా ఇద్దరికీ తెలుసు.

కట్ట అడుగుకు వస్తుండగా ఒక జవాబు తగిలింది. చిన్నదే. నేను ఆయాకు చెప్పడం ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

'నేను మా ఇంగ్లిష్ టీచర్‌ను రోజూ చూస్తాను. ఆమె అన్నం డబ్బా తెరిచి ముందు మాకు వాసన చూపిస్తుంది. ఆమె ఎప్పుడూ ఆబ్సెంట్ కాదు. నేను ఆబ్సెంట్ అయితే ఎందుకు రాలేదని అడుగుతుంది. ఆమె ఆబ్సెంట్ అయితే మేము కూడా అడుగుతాము.'

చుక్క పెట్టడానికి పెన్ను ఆనించాను. వెంటనే ఎత్తలేదు, చుక్క కాస్త పెద్దదే పడింది.

రోజూ పొద్దున్నే లేవగానే స్తోత్రం చెప్పుకునే అలవాటు నాది. ఊపిరి ఆడుతున్నందుకు, అమ్మ నేర్పిన అక్షరానికి, కరివేపాకు కోసం వచ్చిన ఆ సాయంత్రానికి. ఆ వారమంతా నోట్లోంచి స్తోత్రం రాలేదు. మోకాళ్ల మీద ఊరికే కూర్చుని లేచేదాన్ని.

శనివారం బడికి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. హెడ్ మేడం పేపర్లు పంచుతుంటే తలుపు దగ్గర నిలబడ్డాను. పిల్లలు అచ్చం టీచరమ్మ ఉన్నప్పటిలాగే చేశారు. మార్కు చూడలేదు. చివరి పేజీకి తిప్పారు. గదిలో గుసగుసలు లేచాయి.

రెండు జడల పిల్ల ఒకతి లేచి నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడో ఒకసారి టీచరమ్మతో నన్ను చూసి ఉంటుంది.

"ఆంటీ, ఇది టీచర్ చుక్క కాదు గదా?"

"కాదమ్మా."

"అందరివి నీలం చుక్కలే ఉన్నయి. టీచర్ మాయి చదవలేదా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. టీచరమ్మ చదివి నవ్విందని, ఎర్ర పెన్నులో సిరా అయిపోయిందని. ఆ పిల్ల మొహం చూశాక చెప్పలేకపోయాను.

"లేదమ్మా. ఆ ప్రశ్నకు రాకముందే ఆమె... నేను చదివాను. ప్రతి మాటా చదివాను."

తన పేజీ తిప్పి నాకు చూపించింది. చుక్క కాస్త పెద్దదిగా ఉంది. అంతకు ముందు తెలియకపోయినా, అప్పుడు తెలిసింది ఆ జవాబు ఎవరిదో.

"నేను టీచర్ గురించే రాసిన. ఆమె చదువుతదని రాసిన."

నేను ఆ పిల్ల ముందు కూర్చున్నాను.  ఆ పిల్ల నా వైపు కాకుండా, నల్లబల్ల ముందున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, చాలా మెల్లగా, నిజంగా జవాబు కావాలన్నట్టు అడిగింది.

"టీచర్ ఎందుకు రాలేదు ఆంటీ?"

ఆమె చనిపోయిందని ఆ పిల్లకు తెలుసు. అందరికీ చెప్పారు. అయినా అడుగుతానని మాటిచ్చింది కదా, అడిగింది.

  ఆ పిల్లను దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. తల నా భుజం మీద పెట్టి అలాగే ఉంది, ఏడవలేదు. పేపర్ మాత్రం మడవలేదు, నలగకుండా పక్కకు పట్టుకుంది.

మర్నాడు పొద్దున మోకరించినప్పుడు, చాలా రోజుల తర్వాత, నోరు తెరిచి చెప్పాను. స్తోత్రం కాదు. ఆ పిల్ల రాసింది మొదటి నుంచి చివరిదాకా నా ప్రార్థనలో అప్పజెప్పాను. అందాల్సిన చోటికి అందించడం ఆయన పని.

ఇది చదివిన మీకు నాదొక విన్నపం. మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టినా, ఎవరెవరిని తలుచుకున్నా, వాళ్ల మధ్య మా టీచరమ్మను కూడా ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. పిల్లలు రాసింది ఆఖరి మాట దాకా చదివేది, చుక్క పెట్టేది అనండి. చాలు.