గాలి బాగుందన్న రిపోర్టు

ఢిల్లీలో మా ల్యాబులో సార్ పెట్టిన ఆచారం ఒకటుండేది. టెక్నికల్ రిపోర్టు ఎవరు రాసినా, ఇంకొకరు దాన్ని చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చేసి, ప్రోగ్రామ్ నడిపి చూపించాలి. రాసినవాళ్లు ఎదురుగా కూర్చోవాలి గానీ నోరు విప్పకూడదు. చదివేవాళ్లు వాళ్లని ఏమీ అడగకూడదు. దీనికంటే పెళ్లిచూపులే నయం, అక్కడ కనీసం కాఫీ ఇస్తారు.

అక్క రిపోర్టు చదివే పని నా మెడకు చుట్టుకుంది. అక్కంటే సొంతక్క కాదు, సీనియర్. వాళ్ల నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఆమె పుట్టి పెరిగిందంతా ఢిల్లీలోనే. నేను తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిచ్చేది. క్యాంపస్ పక్కన జియా సరాయ్‌లో నా అద్దె గదికి వాళ్లమ్మ చేసిన గోంగూర పచ్చడి మాత్రం ఆమే తెచ్చిచ్చేది. ఆ వారంలో రిపోర్టు మీద సార్ సంతకం పడకపోతే ఆమెకు డిగ్రీ ఆగిపోతుంది, గురుగ్రామ్‌లో వచ్చిన ఉద్యోగమూ పోతుంది.

ఆమెది గాలి గురించిన ప్రోగ్రామ్. ఊళ్లో అక్కడక్కడా పెట్టిన సెన్సర్ల అంకెలు తీసుకుని, సాయంత్రానికి గాలి ఎలా ఉంటుందో చెబుతుంది. అక్కకు ఆస్తమా. సంచిలో ఇన్‌హేలర్ లేకుండా గడప దాటదు.

రెండో పేజీలో నా చేయి ఆగిపోయింది. 'డేటాను ఎప్పటిలాగే శుభ్రం చేయాలి' అని ఇంగ్లీషులో రాసుంది. ఎప్పటిలాగే అంటే ఎలా? నాకైతే తెలుసు, ఆమె పని చేసేది నా పక్క బల్ల మీదే. సెన్సర్ చెడిపోతే సున్నా చూపిస్తుంది. ఆ సున్నాలన్నీ తీసేయకపోతే ప్రోగ్రామ్ వాటిని మంచి గాలి అనుకుంటుంది. రోజూ అలవాటుగా చేసే పని కావడంతో రాయాలని ఆమెకు తట్టనే లేదు.

రిపోర్టులో లేకపోయినా నేనే సున్నాలు తీసేస్తే అక్క గట్టెక్కుతుంది. కానీ ఈ రిపోర్టును రేపు ఏ బడివాళ్లో నమ్మి పిల్లల్ని ఆటలకు వదిలితే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనకే సార్ నిలబడి ఉన్నారు. రిపోర్టు తప్ప ఏమీ తెలియనివాడు ఏం చేస్తాడో అదే చేశాను. ఖాళీ వరసలు మాత్రం తీసేసి, సున్నాలు అలాగే ఉంచి నడిపాను.

గాలి బాగుంది, అంది ప్రోగ్రామ్. కిటికీలోంచి చూస్తే పొగలో ఎదురు బిల్డింగ్ కనబడటం లేదు.

అక్క మొహం పాలిపోయింది. సార్ 'ఎప్పటిలాగే' అన్న వాక్యం కింద గీత గీసి, "ఇది మళ్లీ రాయి. లంచ్ తర్వాత పక్క ల్యాబ్ వాళ్లని పిలుస్తాను" అన్నారు.

వరండాలో అక్క నన్ను ఆపింది. "తుమ్హే పతా థా నా?"

"తెలుసక్కా."

"ఫిర్ భీ?" అంది, తెలిసి కూడానా అన్నట్టు.

ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. తిండి సహించలేదు నాకు. అక్క ఉద్యోగం పోతే అది నా చేతుల మీదుగానే పోయినట్టు.

సున్నాలు తీసేయాలని అక్క ఆ వాక్యాన్ని విడమర్చి రాసింది. మధ్యాహ్నం పక్క ల్యాబ్ నుంచి మా ఇద్దరికీ ముక్కూ మొహం తెలియని ఒకమ్మాయి వచ్చింది. ఈసారి సార్ మమ్మల్ని బయట కూర్చోమన్నారు, మా మొహాలే సగం చెప్పేస్తున్నాయట. మెట్ల మీద చెరో చివర కూర్చున్నాం. అక్క ఇన్‌హేలర్ తీసి పీల్చింది. అది ఆస్తమాకో, భయానికో అడిగే ధైర్యం నాకు లేదు. లోపల్నుంచి ఒక్క మాటా వినబడటం లేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"దీదీ, ఎక్‌స్ట్రా మాస్క్ హై క్యా?" అని అక్కని అడిగింది. సాయంత్రం ఎవర్నీ బయటికి వెళ్లొద్దంటోందట ప్రోగ్రామ్.

అక్క సంచి వెతికి ఆమెకొకటి ఇచ్చింది. తర్వాత ఇంకొకటి తీసి నా ముందు పట్టుకుంది.

"నువ్వూ పెట్టుకో" అంది, తెలుగులో.