గోనెపట్టా మీద గోల్ఫ్

ప్రొద్దుటూరులో గోల్ఫ్ మొదట ఆడింది ఒక పాత పత్తి గోదాములో అంటే ఎవరూ నమ్మరు. అప్పట్లోనూ నమ్మలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మాట అది. నేను జమ్మలమడుగులో బడిపంతులుగా చేరి, ఆదివారాలు మాత్రం ఊరికి వచ్చేవాణ్ణి. గోదాములో ఆ ఆట పెట్టినవాడు మా మేనమామ.

మామ కోలారు బంగారు గనుల దగ్గర, దొరలు గోల్ఫ్ ఆడే మైదానంలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. వాళ్లు బంతిని కొట్టే కట్టెల సంచి మోయడం, కొట్టిన బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పడం ఆయన పని. ఎందుకు మానేశావని అడిగితే "మొగం మొత్తిందప్పా" అనేవాడు. వచ్చేటప్పుడు రెండు పాత కట్టెలు, ఒక సంచెడు అరిగిన బంతులు తెచ్చుకున్నాడు.

బంతిని తడి సున్నంలో ముంచి పీచుపట్టా మీద పెట్టాలి. పన్నెండడుగుల దూరంలో, గోనెసంచులు విప్పి కుట్టిన పెద్ద తెర దూలానికి వేలాడుతుండేది. కొడితే బంతి తెరకు తగిలి కింద పడేది, సున్నం మరక మిగిలేది. మామ దగ్గరికి పోయి ఆ మరకను వేళ్లతో తడిమేవాడు. మరక ఎత్తును బట్టి బంతి ఎంత పైకి లేచేదో, అది రాసుకుపోయిన తీరును బట్టి ఎటు వంగేదో చెప్పేవాడు. దూరం మాత్రం దెబ్బ చప్పుడులోనే తెలిసేదట. "నూరు గజాలు పోయి నీళ్లలో పడింది పో!" అనేవాడు. గోదాములో నీళ్లెక్కడివి? అయినా కొట్టినవాడి మొహం మాడిపోయేది. చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పులు బయట విడవాలి, కొట్టేవాడి వెనకాల నిలబడాలి, నోరు మూసుకోవాలి. ఈ మూడోది మా ఊరివాళ్లకు చేతనైన పని కాదు.

"అన్నీ కోతలప్పా" అన్నారు జనం. నాకు ఒళ్లు మండింది. పులివెందుల వైపు పనులు చూసే ఒక ఇంజనీరుకు గోల్ఫ్ వచ్చని విని, మామను అడగకుండానే ఆయన్ని పిలుచుకొచ్చాను.

ఇంజనీరు తన కట్టెతోనే కొట్టాడు. మామ మరక తడిమి, "నూటయాభై గజాలు సార్. సగం దాకా తిన్నగా పోయి, కుడికి వంగి పడుతాది" అన్నాడు.

"నా బంతి ఎప్పుడూ వంగదయ్యా" అన్నాడాయన. జనం పకపకా నవ్వారు.

"పెన్నలోకి పోదాం రాండి సార్. నా మాట తప్పయితే ఈ గోనెలన్నీ ఈడనే కాల్చేస్తా" అన్నాడు మామ.

మామ పరువు పోతే అది నా నిర్వాకమే.

ఎండిన పెన్న ఇసుకలో పీచుపట్టా పరిచి ఇంజనీరు కొట్టాడు. బంతి తిన్నగా లేచి, సగం దూరం పోయాక మెల్లగా కుడికి తిరిగి, కంపచెట్ల పక్కన పడింది. మొదటిసారి మా ఊరివాళ్లు నోరు మూసుకున్నారు. నేను గర్వంగా మామ వైపు తిరిగాను. ఆయన ఎడమవైపు, ఏమీ లేని ఇసుకలోకి చూస్తున్నాడు.

కోలారులో పని ఎందుకు మానాడో, మరకను వేళ్లతో ఎందుకు తడిమేవాడో అప్పుడర్థమైంది. ఆయన కళ్లను ఇన్నాళ్లూ గమనించనందుకు నా మీద నాకే కోపమొచ్చింది. దుఃఖం కూడా వచ్చింది. ఆయన చెవి దగ్గరికి వంగి, "నువ్వు చెప్పిన తావులోనే పడింది మామా" అన్నాను.

"అది నాకు తెలుసులేప్పా. ఇంజనీరు మొగం ఎట్లుందో అది చెప్పు" అన్నాడు.