పగటిపూట చెప్పిన కథ

కూలరులో వట్టివేళ్లు తడిసి మొదటి గాలి వీచిందంటే చాలు, నాందేడ్‌లో మా గల్లీ చివరి వాచనాలయం గుర్తొస్తుంది. గ్రంథాలయాన్ని అక్కడ అందరూ అలాగే అంటారు. వేసవి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం గోడల నీడ పట్టుకుని పోయేవాళ్లం. లోపల పాత కాగితాల వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన, చాపల మీద పిల్లల చెమట వాసన, మూలన కుండలో చల్లటి నీళ్లు. వాచనాలయం నడిపే ఆవిడను అందరం బాయి అనేవాళ్లం. బాయి తలా ఒక మరాఠీ పుస్తకం చేతిలో పెట్టి, "ఘరీ సగళ్యాంనా వాచూన్ దాఖవ" అనేది. ఇంట్లో అందరికీ చదివి వినిపించాలన్నదే ఆమె పెట్టిన షరతు.

మా ఇంట్లో కథ తెలుగులోనే దిగాలి. కళ్లతో మరాఠీ చదువుతూ నోటితో తెలుగు చెప్పేదాన్ని. అయితే మా నాయనమ్మ పగలు చెప్పనిచ్చేది కాదు.

"పగటీలి కథలు చెప్తే తొవ్వల పొయ్యెటోళ్లు తొవ్వ తప్పుతరే" అనేది. మా బాపు లారీ డ్రైవరు. ఆయన ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, జొన్నరొట్టె తిన్నాకే పుస్తకం తెరవాలి.

ఆ రోజు బాపు పసుపు బస్తాలతో నిజామాబాద్ పోయాడు. నాయనమ్మ మేడ మీద వడియాలు పెడుతోంది. తొక్కుకు మామిడికాయలు కోస్తున్న అమ్మకు పొద్దు పోవడం లేదు.

"ఏందే, గా పిల్లగానికి దూడ దొరికిందా లేదా? చెప్పు, అత్తమ్మ పైనున్నది" అంది.

తప్పిపోయిన దూడ కోసం అడవికి పోయిన పిల్లాడి కథ అది. వాడు రెండు దారులు చీలేచోట నిలబడ్డాడో లేదో, నాయనమ్మ మెట్లు దిగొచ్చి పుస్తకం లాక్కుంది.

లారీ తిరుగుదారిలో రోడ్డు పక్కన దొరికింది. బాపు దొరకలేదు. పోలీసులు వెతికారు, చుట్టాలు వెతికారు, అమ్మ మాహూర్ రేణుకమ్మకు ముడుపు కట్టింది. నాయనమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అమ్మ మాత్రం నా మొహం చూడటం మానేసింది. కోసిన మామిడిముక్కలు చాటలోనే నల్లబడిపోయాయి.

సెలవుల ఆఖరున ఇంటివాళ్లంతా వాచనాలయానికి వచ్చి పిల్లల కథలు వినడం ఆనవాయితీ. మా ఇంటి నుంచి ఎవరూ రారనుకున్నాను. కొంగులో ఆ పుస్తకం దాచుకుని నాయనమ్మ వచ్చింది, పట్టపగలు.

"సగంల ఆపినం గదనే. గా పిల్లగాన్ని ఇంటికి తేవే. గప్పుడన్న నా కొడుకు అస్తడేమో."

తెలుగులోనే చెప్పాను. పిల్లాడు దూడను తోలుకుని ఇల్లు చేరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాయనమ్మ వాకిలి వైపు తిరిగి కూర్చుంది. బాయి తలుపులు మూసేదాకా లేవలేదు.

ఆ చాపలూ లేవు, బాయీ లేదు, నాయనమ్మా లేదు. వాచనాలయానికి తాళం పడి ఏళ్లయింది. సెలవుల్లో గల్లీ పిల్లలు ఫోన్లు పట్టుకుని గడపల్లో కూర్చుంటున్నారు.

మధ్యాహ్నం మా అమ్మాయి పుస్తకం తెచ్చి ఒళ్లో పెడుతుంది. నేను చదువుకున్నదాన్నే, ఇదంతా వట్టి నమ్మకమని తెలుసు. అయినా దాని నాన్న బండి గేటు ముందు ఆగిన చప్పుడు వినేదాకా నా నోట కథ రాదు.