కట్టుడు పళ్ళావిడ మూడో ఇంటర్వ్యూ

ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేసేది. పుట్టిన ఊళ్ళో అందరూ "పళ్ళావిడ" అనే పిలిచేవాళ్ళు. తెలియనివాళ్ళు తోటలోంచి వచ్చే పళ్ళనుకుని ధర అడిగితే, "నా దగ్గర తినే పళ్ళు ఉండవండీ, నమిలే పళ్ళే," అని నవ్వేది.

ఆ పనిలో చేరిన రోజు ఆవిడ నోరు విప్పిందే లేదు. మేనమామ వెంటబెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్ళాడు. యజమాని అడగాల్సినవన్నీ ఆయన్నే అడిగాడు. ఎవరి అమ్మాయి, తోబుట్టువులెంతమంది, పెళ్ళెప్పుడు చేస్తారు. అన్నీ విని, "బుద్ధిమంతురాల్లా ఉంది, రేపట్నించి పంపించండి," అన్నాడు. తలొంచుకుని నిలబడ్డందుకే ఉద్యోగం వచ్చిందని ఆవిడ నమ్మకం. అక్కడే పద్దెనిమిదేళ్ళు చేసింది.

తర్వాత భర్తకి వేరే దేశంలో పని దొరికింది. భార్యాభర్తలూ, అత్తగారూ ముగ్గురూ బయల్దేరారు. కొత్త భాష పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది. ఏ దేశంలోనైనా మనుషులకి పళ్ళు ఊడక మానవు కదా, పనికేం కొదవ అనుకుని ఒక ల్యాబుకి దరఖాస్తు పట్టుకెళ్ళింది. మంచి ఫొటో అంటించి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళయిన సంవత్సరం అన్నీ పొందిగ్గా రాసింది. కౌంటరు దగ్గరి అమ్మాయి అది చూసి కంగారుపడింది. "ఇక్కడి చట్టం ప్రకారం ఇవేవీ మేం చూడకూడదండీ. తీసేసి ఇవ్వండి," అని మర్యాదగా తిరిగిచ్చేసింది.

ఆవిడ మనసు చివుక్కుమంది. "నేనెవరి పిల్లనో, ఎవరి భార్యనో తెలుసుకోకుండా ఉద్యోగం ఎలా ఇస్తారండీ వీళ్ళు?" అంది భర్తతో.

అయినా పిలుపొచ్చింది. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. "మీ గురించి చెప్పండి," అన్నారు. ఆవిడ వాళ్ళ నాన్నగారితో మొదలుపెట్టింది. పాత ల్యాబులో ఏం చేశారంటే, "అందరం కలిసి చేసేవాళ్ళం, అంతా మా సార్ దయ," అంది. మీ బలహీనతలేమిటని అడిగితే, కాసేపు నిజాయితీగా ఆలోచించి, "నెలకి రెండుసార్లు తలనొప్పి వస్తుందండీ," అని చెప్పింది. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడడం ఎందుకులే అని ఉన్నంతసేపూ బల్లనే చూసింది. వారం తిరక్కుండా క్షమించమంటూ ఉత్తరం వచ్చింది. రెండోచోటా అదే తంతు.

ఆ రెండో ఉత్తరం చదివిన రోజు ఆవిడ అన్నం తినలేదు. "నాకు పనొచ్చు అత్తయ్యా. చెప్పుకోవడమే రాదు," అంది. మర్నాడు పొద్దున్నే అత్తగారు కొడుకు చేత కాగితం మీద ప్రశ్నలు రాయించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వంటింటి బల్లకి అవతల కూర్చుంది. చేతిలో గరిటె.

"మీ గురించి చెప్పండి."

"నవ్వొస్తోంది అత్తయ్యా."

"అత్తయ్య లేదిక్కడ. నేను ఆఫీసరమ్మని. కానివ్వండి."

కోడలు మొదలుపెట్టింది. "మేము ముందు అచ్చు తీసేవాళ్ళం..."

గరిటె టంగుమని పళ్ళెం మీద పడింది. "ఆ 'మేము' ఎవరే? ఒక్క పన్ను చెక్కడానికి ఎన్ని చేతులు పట్టాయి?"

"ఒక్కటే... నాదే."

"మరి అలాగే చెప్పు!"

"సిగ్గేస్తుంది. గొప్పలు పోతున్నట్టుంటుంది."

అత్తగారు గరిటె పక్కన పెట్టింది. "పళ్ళు పోయాక రెండేళ్ళపాటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడాను. నువ్వొచ్చాక నాకు పళ్ళు కట్టావు. 'సరే' అన్నప్పుడల్లా ఈల వినిపిస్తోందని నాలుగుసార్లు అరగదీసి మళ్ళీ పెట్టావు. చెయ్యమని నీకెవరైనా చెప్పారా?"

"లేదు."

"ఎవరు చేశారు?"

"నేనే."

"గొప్పలు పోవద్దు తల్లీ. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు."

వారం రోజులు రోజూ ఇదే వరస. బల్లకేసి చూసిందంటే గరిటె మోగేది.

మూడో ఇంటర్వ్యూలో ఇద్దరే ఉన్నారు, ల్యాబు పెద్దావిడా, ఒక యువకుడూ. మీరు గర్వపడే పని ఏదన్నా చెప్పండి అన్నారు. ఆవిడ తలెత్తి అత్తగారి పళ్ళ కథ చెప్పింది. మొదటిసారి ఎక్కడ తప్పింది, ఏ పన్ను వెనక ఎంత అరగదీసింది, నాలుగోసారి 'సరే' ఎంత శుభ్రంగా పలికింది, అన్నీ. మధ్యలో ఒకసారి "మేము" అని నోరు జారి, "కాదు, నేనే," అని దిద్దుకుంది.

చివర్లో పెద్దావిడ, "మీరు మమ్మల్నేమైనా అడుగుతారా?" అంది.

ఉద్యోగం అడగడానికొచ్చినవాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అత్తగారి ప్రశ్నల కాగితంలోనూ అది లేదు. అయినా, "పళ్ళు పెట్టుకునే మనిషిని ఇక్కడ చూడనిస్తారా?" అని అడిగింది.

వాళ్ళిద్దరూ ముఖాలు చూసుకున్నారు. "మాకు అచ్చులు పెట్టెల్లో వస్తాయి. మనిషి రాడు," అన్నాడు యువకుడు.

"పలుకు వినకుండా పళ్ళు కుదిరాయో లేదో ఎలా తెలుస్తుందండీ మరి?"

పెద్దావిడ కలం కింద పెట్టింది. ఆ ప్రశ్న తనకి నచ్చిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. ఇంటికొచ్చి ఆవిడ, "అనవసరంగా అడిగాను," అని మథనపడింది. అత్తగారు మాత్రం, "అడగమన్నారు, అడిగావు. తప్పేముంది?" అని కొట్టిపారేసింది.

నాలుగో రోజున ఫోనొచ్చింది. మూడు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆవిడ మేనమామకి ఫోన్ చేసి, "మావయ్యా, ఈసారి ఒక్కదాన్నే వెళ్ళి తెచ్చుకున్నాను," అంది. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు.

పనిలో చేరిన ఆరో వారం నుంచి, కట్టుడు పళ్ళతో పలుకు కుదరని వాళ్ళని గురువారాలు మధ్యాహ్నం పూట ల్యాబుకి పంపమని పెద్దావిడ పళ్ళ డాక్టర్లకి కబురుపెట్టింది. కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయించింది. మొదటి గురువారం ఒక ముసలాయన వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. పెదాలు బిగించుకుని కూర్చున్నాడు.

"ఏం మాట్లాడమంటారు?" అన్నాడు చివరికి, గొణుగుతూ.

"మీ ఇష్టం. మీ బస్సు ఎక్కడెక్కడ ఆగేదో చెప్పండి," అంది ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. ఆయన ఒక్కొక్క స్టాపు పేరే చెబుతుంటే, ఏ పేరు దగ్గర నాలుక తడబడుతోందో వింటూ కూర్చుంది.