ఫోటోల్లో లేని గొర్లు

పెద్ద రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేస్తున్న రోజుల్లో నేను సూర్యాపేటలో ఆ ప్రాజెక్టు వెబ్‌సైటు చూసుకునేదాన్ని. ఏ ఊరి దగ్గర పని ఎందాకా వచ్చిందో, ఎక్కడ దారి మళ్లించారో, అభ్యంతరాలు ఏ తేదీలోగా ఇవ్వాలో జనానికి తెలిసేలా పెట్టడం నా పని. మిర్యాలగూడలో పొద్దున్నే బస్సెక్కి కిటికీకి తల ఆనించేదాన్ని. వరి పొలాల మీద పొగమంచు కదులుతుంటే, సగం నిద్రలో ఆ రోడ్డు అప్పుడే పూర్తయిపోయినట్టు కనిపించేది. నల్లగా, నున్నగా, మీద ఎవరూ లేకుండా, ఎక్కడికో తేలిపోతూ. బస్సు దిగి కుర్చీలో కూర్చున్నా ఆ మత్తు వదిలేది కాదు.

వారం వారం సైటు ఇంజనీర్లు పెన్‌డ్రైవులో ఫోటోలు పంపేవారు. సగం ఫోటోలకు గొర్లు అడ్డం.

"వెబ్‌సైటంటే పెండ్లి ఆల్బం లెక్క ఉండాలె. గొర్లు, బర్లు ఎందుకమ్మా?" అన్నాడు మా ఆఫీసరు.

ఆయన చెప్పింది ఒక్కసారే. నేను మాత్రం ఏడాది పొడుగునా చేశాను. మౌసుతో అంచులు లాగి మందల్ని బయటికి తోసేసేదాన్ని. అడ్డదిడ్డంగా ఉన్న ఫోటో క్షణంలో నా కలలోని రోడ్డయ్యేది. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు మహా ఇష్టం.

ఒక మధ్యాహ్నం మోతె వైపు నుంచి ఒక గొర్ల కాపరి వచ్చాడు. అరవై దాటిన మనిషి. చెప్పులు గడప బయటే విడిచాడు. ఆయన మంద రోజూ రోడ్డు దాటి అవతలి బీడుకు మేతకు పోతుంది. నడుమ డివైడరు వస్తే ఆ దారి మూసుకుపోతుంది. రోడ్డు కింది నుంచి గొర్లు పోవడానికి చిన్న దారి కట్టమని అర్జీ పెట్టుకున్నాడు. వెబ్‌సైటులో ఏడాది ఫోటోలు చూశామనీ, అక్కడ పశువులు దాటుతున్న ఆనవాలు లేదనీ పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది.

"కోదాడ నెట్ సెంటర్ల సదివించిన బిడ్డా. మా గొర్లు ఫోటోలల్ల లేవంట. ఎట్ల లేవు? జర సూపియ్."

తెరిచి చూపించాను. ఆయన వంగి, తెరకు వేలు తగలకుండా, చాలాసేపు చూశాడు. ఫోటో అంచున ఒక కర్ర కొస కనబడుతోంది. నేను కత్తిరించగా మిగిలిన ముక్క.

"గీ కర్ర నాదే. గాడనే ఉన్నం గదా. మరి మేమేమైనం?"

"నేనే తీసేసిన తాతా," అన్నాను. "ఫోటో మంచిగ కనబడాలని."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఫోటోల తీసేస్తే ఖతమైతమా బిడ్డా?" అన్నాడు, నిజంగా తెలియకే అడిగినట్టు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, ఇందులో దోసెడు నాదే. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

కత్తిరించని అసలు ఫోటోలు ఆఫీసులో సీడీల్లోకి ఎక్కించి దాచినవి ఉన్నాయి. సాయంత్రానికల్లా వెతికి అన్నీ వెబ్‌సైటులోకి ఎక్కించాను. ప్రింట్లు తీసి, ఆయన పేరు మీద మరో అర్జీ రాసి, దానికి జతచేసి పంపాను. ఆఫీసరు మొహం ముడుచుకుంటే, "అబద్ధాలు ఎక్కియ్యడానికి నాకు జీతమిస్తున్నరా సార్?" అని ఎగిరిపడ్డాను, ఏడాదిపాటు ఎక్కించింది నేనే అయినా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. గడువు దాటింది, డ్రాయింగులు ఖరారయ్యాయి అని రెండు పంక్తుల జవాబు వచ్చింది. దాన్ని కూడా వెబ్‌సైటులో నేనే పెట్టాను.

రోడ్డు పూర్తయింది. అచ్చం నేను కలగన్నట్టే ఉంది. ఒక పొద్దున కోదాడలో పని ఉండి బస్సులో పోతూ కునుకు తీస్తుంటే, హారన్ల మోతకు మెలకువ వచ్చింది. నడుమెత్తు డివైడరు దగ్గర ఆ పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. గొర్లను ఒక్కొక్కదాన్నే కడుపు కింద చేతులేసి ఎత్తి అవతలికి దింపుతున్నాడు.

బస్సు ఆపమని కండక్టరును బతిమాలి దిగాను. డివైడరెక్కి అవతలి పక్కకు దూకి చేతులు చాపాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఒక గొర్రెను నా చేతుల్లో పెట్టి, "మెల్లగ దించు. సూడిది, కడుపుల పిల్లున్నది," అన్నాడు.

అది వెచ్చగా, నేను అనుకోనంత బరువుగా ఉంది. దాని గుండె నా మోచేతికి కొట్టుకుంటోంది. మెల్లగా దించి తలెత్తేసరికి ఆయన ఇంకొకదాన్ని ఎత్తి పట్టుకొని ఉన్నాడు. ఆయన వెనక మిగతా మందంతా అట్లాగే నిలబడి ఉంది.