శంకువు లెక్క

ఉద్యోగంలో చేరిన రోజున నా చేతికిచ్చిన కాగితంలో లెక్కల టీచరు పనులన్నీ పేజీ నిండా టైపు చేసి ఉన్నాయి. పాఠ్య ప్రణాళిక రాసి వారానికోసారి హెడ్‌మిస్ట్రెస్ సంతకం తీసుకోవాలి. హాజరు పట్టీ నింపాలి. పరీక్ష పేపర్లు వారంలోగా దిద్ది ఇవ్వాలి. పదో తరగతి పిల్లల్ని పబ్లిక్ పరీక్షకు తయారు చేయాలి. అర్హతలంటారా, లెక్కల్లో ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు, ఆపైన బీఎడ్. కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంటూ, ఇందులో నాకు రానిదేముంది అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ ధీమా తప్పని ఇప్పటికీ అనుకోను. బోర్డు ముందు టీచరు తడబడితే పిల్లలు ఇట్టే పసిగడతారు.

మా బడి ఉత్తర మద్రాసులో, రాయపురం వైపు ఉండేది. ఆడపిల్లల హైస్కూలు, తెలుగు మీడియం. పిల్లల తండ్రులు కొందరు మనలి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి వెళ్లేవారు, కొందరు హార్బరులో మూటలు దించేవారు. తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మాదీ అలాంటి ఇల్లే.

మొదటి ఏడాది డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది. నెల్లూరు నుంచి వచ్చి పాతికేళ్లుగా ఆ బడిలోనే ఉన్న మనిషి. నలుగురు పిల్లల పేర్లున్న కాగితం నా ముందుకు జరిపింది.

"వీళ్లు లెక్కల్లో పోయేవాళ్లు. మన బడి తరఫున రాస్తే రిజల్టు పడిపోతాది. ప్రైవేటుగా రాసుకోమని చెప్పు. ఆడ, క్లాస్ టీచర్ అని ఉంది చూడు, సంతకం పెట్టు."

పెట్టాను. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టినంత సేపు కూడా పట్టలేదు.

ఆరు నెలల తర్వాత టి. నగర్‌లో చీరల కొట్టుకు వెళ్లాను. కౌంటరు వెనక చీరలు విప్పి చూపిస్తున్న పిల్ల నన్ను చూసి, "మిస్, బాగుండారా?" అంది. ఆ నలుగురిలో ఒకతె. ప్రైవేటుగా రాశావా అని అడిగాను. "ఎవురూ రాయలేదు మిస్. ఒకసారి బడి మానేసినాక మళ్లీ ఎట్లా చదివేది?" అని నవ్వింది. ఆ మాటలో నా మీద నిష్ఠూరమేమీ లేదు. నాకు బాగుంటాయని వెతికి వెతికి చీరలు తీసి చూపించింది. నేను ఒక్కటీ ఎంచుకోలేక బయటికి వచ్చేశాను.

రెండో ఏడాది డిసెంబరులో మళ్లీ జాబితా వచ్చింది. ఈసారి పదకొండు పేర్లు.

"నేను సంతకం పెట్టను మేడమ్" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పోయినేడు పెట్టినావు గదా?"

"పెట్టినాను. తప్పు చేసినాను."

"పదకొండు మంది! ఏమన్నా మంత్రం వేస్తావా?"

"పేర్లు పంపడానికి ఇంకా నెల పైన గడువుంది. అంతవరకు నాకు వదిలేయండి. జనవరి చివర ఒక పరీక్ష పెడదాం. అప్పుడు చూడండి."

"కరస్పాండెంట్ అడిగితే ఎవురు జవాబు చెప్పేది?"

"నేను చెప్తాను."

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి కాగితాన్ని సొరుగులో పడేసింది.

మర్నాటి నుంచి పదకొండు మందినీ ఉదయం ఏడున్నరకే రమ్మన్నాను. వచ్చారు. మొదటి వారం నేను చేసిందల్లా, చెప్పిన పాఠాన్నే ఇంకొంచెం నెమ్మదిగా, ఇంకొంచెం గట్టిగా చెప్పడం. ఫలితం సున్నా. సూత్రాలు అడిగితే వల్లెవేసేవారు. లెక్క ఇస్తే పెన్ను కొరుకుతూ కూర్చునేవారు.

రెండో వారంలో ఒక లెక్క ఇచ్చాను. "ఒక శంకువు భూవ్యాసార్థము ఏడు సెంటీమీటర్లు, ఏటవాలు ఎత్తు ఇరవై అయిదు సెంటీమీటర్లు. దాని వక్రతల వైశాల్యము కనుగొనుము." ముందు బొమ్మ గీయండి అన్నాను. రెండో బెంచీ చివర కూర్చునే పిల్ల తల వంచుకుని శ్రద్ధగా గీస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ నోటుబుక్కులో సలక్షణమైన శంఖం ఉంది. మెలికలతో సహా.

"ఇదేందే?"

"శంకు మిస్. పెరుమాళ్ల చేతిలో ఉంటాదే, అది."

తమిళంలో శంఖాన్ని శంకు అనే అంటారు. నవ్వు వచ్చి ఆపుకుని చుట్టూ చూశాను. తక్కినవాళ్లు ఒక్కరూ నవ్వలేదు. అందులో నవ్వడానికేముందో వాళ్లకు తెలియలేదు. ముగ్గురు నలుగురు తమ కాగితాల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఏడాదిన్నరగా శంకువు, స్థూపం, స్పర్శరేఖ అని బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఆ మాటలు వాళ్ల ఇళ్లలో లేవు, వీధిలో లేవు. పుస్తకంలో ఉన్న తెలుగు వేరే ఊరి భాష వాళ్లకు. లెక్క రాక కాదు, లెక్క అడుగుతున్నదేమిటో అర్థంకాక తప్పుతున్నారు. నా ఫస్టు క్లాసు డిగ్రీకి ఆ సంగతి తట్టనే లేదు.

ఆ సాయంత్రం బీచి రోడ్డులో పన్నెండు వేరుశనగల పొట్లాలు కొన్నాను. పొద్దున్నే తలా ఒకటి ఇచ్చి, "ఇదీ శంకువు" అన్నాను.

"ఓ, పొట్లమా మిస్!" అని ఒకేసారి అరిచారు.

గింజలు తిని, పొట్లాలు విప్పి కాగితాలు బల్లల మీద పరిచారు. నేను వృత్తలేఖినితో అట్ట మీద వృత్తం గీసి, అందులో ఒక ముక్క కత్తిరించి, చుట్టి చూపించాను. సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది, క్లాసులో శెనక్కాయలా?"

"వక్రతల వైశాల్యం మేడమ్" అన్నాను. ఆవిడ నేల మీది పొట్టు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి ఒక పద్ధతి పెట్టాను. లెక్కను ముందు పైకి చదవాలి. తర్వాత పక్కింటి అమ్మాయికి చెప్పినట్టు సొంత మాటల్లో చెప్పాలి. అది అయ్యేదాకా ఎవరూ పెన్ను పట్టకూడదు. "కింద గుండ్రం ఉండాది గదా మిస్, దాంట్లో సగం ఏడు. పక్కన జారుగా ఉండేది ఇరవై అయిదు. చుట్టూ కాగితం ఎంత పడతాదని అడగతా ఉండారు." అంతే. ఆ తర్వాత అయిదు వందల యాభై రావడానికి రెండు నిమిషాలు చాలు. కొందరు తమిళంలో చెప్పేవారు. చెప్పనిచ్చాను.

జనవరి మధ్యలో ఒక ఉదయం శంఖం గీసిన పిల్ల తల్లి వచ్చింది. ఇంట్లో జాకెట్లు, పావడాలు కుట్టే మనిషి. జాబితాలో కూతురి పేరుందని ఎవరో చెప్పారట.

"యాడ సంతకం పెట్టాలో చెప్పండి మిస్, పెట్టేస్తాను. నాకు తోడుగా మిషన్ తొక్కితే చాలు. దీనికి లెక్కలు రావు, విడిచిపెట్టండి."

మాట్లాడుతూ బోర్డు వైపు చూసింది. శంకువును విప్పి పరిచిన ముక్క బొమ్మ అక్కడ ఉంది. "అదేంది, గొడుగు పావడా ముక్క గీసినారు?" అంది.

కూతురు లేచి నిలబడింది. "అవునుమా, అదే. నడుము నుంచి అంచు దాకా ఉండేదే ఏటవాలు ఎత్తు. గుడ్డ ఎంత పడతాదో, అదే వక్రతల వైశాల్యం. సరే గదా మిస్?"

"సరే. మీ అమ్మ పావడాకు నడుము దగ్గర కొస కత్తిరించేస్తుంది, అంతే తేడా" అన్నాను.

తల్లి కూతురి మొహంలోకి కొత్తగా చూసింది. "అయితే దీనికి వస్తాదా మిస్?"

"వస్తాదమ్మా. ఇప్పుడు నువ్వే విన్నావు గదా."

"అయితే ఉండనీ" అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

జనవరి చివరి పరీక్షలో ఎనిమిది మందికి ముప్పై అయిదు దాటాయి. ముగ్గురికి రాలేదు. పేపర్లన్నీ తీసుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లాను. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"ఈ ముగ్గురూ?"

"ఇంకా రెండు నెలలుంది మేడమ్. వీళ్లనూ రాయనివ్వండి."

ఆవిడ పేపర్లు పక్కన పెట్టింది. తర్వాత పదకొండు పేర్లూ తన చేత్తోనే పబ్లిక్ పరీక్షకు పంపే పెద్ద పట్టీలో ఎక్కించింది.

లెక్కల పరీక్ష రోజున గేటు బయట నిలబడ్డాను. శంఖం పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, "మిస్, శంకువు రాలేదు, గోళం వచ్చింది!" అంది.

"రాసినావా?"

"బంతి గదా మిస్. రాసేసినాను."

తొమ్మిది మంది పాసయ్యారు. ఆ పిల్లకు నలభై ఒకటి. తప్పిన ఇద్దరిలో ఒకతె మళ్లీ రాసి గట్టెక్కింది. ఇంకొకతె కోసం రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే అంబత్తూరులో పనికి కుదిరింది, ఇక చాలన్నారు. ఆ ఒక్కతె విషయంలో నేను గెలవలేదు. దాన్ని తొమ్మిది మంది కింద దాచిపెట్టను.

బడి రిజల్టు కిందటేటి కంటే తగ్గింది. కరస్పాండెంట్ పిలిచి, ఎందుకు తగ్గిందని అడిగారు. "పోయినేడైతే ఆపేసి ఉండేవాళ్లను ఈ యేడు రాయనిచ్చినాం సార్. వాళ్లలో తొమ్మిది మంది పాసయినారు" అన్నాను. పక్కన కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్, "నేనే పేర్లు పంపినాను" అంది. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరే వెళ్లండి అన్నారు. ఒప్పుకున్నారో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ జాబితా మాత్రం రాలేదు.

జూన్‌లో టైమ్‌టేబుల్ వేసినప్పుడు హెడ్‌మిస్ట్రెస్ పదో తరగతి రెండు సెక్షన్ల లెక్కలూ నాకే రాసింది. తొమ్మిదో తరగతి కూడా ఇవ్వమని అడిగాను.

"ఏందమ్మా, ఊపిరి పీల్చుకోవా?"

"పదిలో మొదలుపెడితే ఆలస్యమైపోతాది మేడమ్."

ఆవిడ వేరే టీచరు పేరు కొట్టేసి, అక్కడ నా పేరు రాసింది.